నెలకు తొమ్మిది వేల డాలర్లు వస్తుంటే మిగలకపోవడమేమిటి?

ప్రశ్న: నేను హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్నాం. మా అబ్బాయి ఎం.ఎస్. చేసి అమెరికాలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. జీతం ఏడాదికి 1,08,000 డాలర్లు. కోడలికి అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. అక్కడే పుట్టిన మూడేళ్ల మనవడున్నాడు. చదువు కోసం తీసుకున్న 40 లక్షల అప్పుకు నెలకు 55 వేల కిస్తీ వాడే కడుతున్నాడు. ఇంకా 30 లక్షలు ఉంది, వడ్డీ 11 శాతం, మా ఇంటి కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. ఎప్పుడడిగినా ‘నెలాఖరుకు ఏమీ మిగలట్లేదు నాన్నా’ అంటాడు. మా వీధివాళ్ల అబ్బాయి అదే ఊళ్లో 2021లో ఇల్లు కొన్నాడు, ఏటా వచ్చిపోతున్నాడు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో నెలకు ఎనిమిది లక్షలు సంపాదిస్తూ మిగలకపోవడమేమిటి? ఏదైనా దాస్తున్నాడా? అమెరికాలో మామూలు జనం బతుకులు దిగజారుతున్నాయని పేపర్లలో రాస్తున్నారు, నిజమేనా? పొలం అమ్మితే 90 లక్షలు వస్తాయి, ఇంటికి డౌన్ పేమెంటుగా పంపుదామని నేను, వద్దని మా ఆవిడ. నా పేర 25 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, పొలం అమ్మే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది. అబ్బాయి ఏదో దాస్తున్నాడని అనుకోవడానికి మీరు రాసిన అంకెల్లో ఆధారమేమీ కనబడదు. అలాగని ‘ఏమీ మిగలట్లేదు’ అన్న మాట అక్షరాలా నిజమూ కాదు. లెక్క వేసి చూపిస్తాం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి కాస్త పొడుగైనా విసుక్కోరని మా ధైర్యం.

మనవాళ్లంతా చేసే మొదటి పొరపాటు గుణకారం. 9,000 డాలర్లను 90తో గుణించి నెలకు 8,10,000 రూపాయలంటాం. ఆ డబ్బు రూపాయలుగా మారి తెనాలి బజార్లో ఖర్చయితేనే ఆ గుణకారం చెల్లుతుంది. మీ అబ్బాయి డాలర్లలోనే అద్దె కట్టాలి, డాలర్లలోనే క్షవరం చేయించుకోవాలి. దేశాల మధ్య ధరల తేడాను సరిచేసి ప్రపంచ బ్యాంకు వేసే కొనుగోలు శక్తి లెక్క ఒకటుంది. అందులో అమెరికాలో ఒక డాలరు పెట్టి కొనేదాన్ని మన దేశంలో కొనడానికి సుమారు 20 రూపాయలు చాలు. ఆ లెక్కన 9,000 డాలర్ల సంసారం ఇక్కడ నెలకు 1,80,000 రూపాయలతో నడిచే సంసారానికి దగ్గరగా ఉంటుంది. బాగానే బతకొచ్చు, కానీ అది ఎనిమిది లక్షల బతుకు కాదు. ఈ 20 రూపాయల లెక్క దేశం మొత్తానికి సగటు కాబట్టి గచ్చిబౌలిలో ఒకలా, మీ ఊళ్లో ఇంకోలా ఉంటుంది. ఫోను, విమానం టికెట్టు లాంటివాటికి అసలు వర్తించదు. అవి ఎక్కడైనా దాదాపు ఒకే ధర. అందుకే అక్కడి జీతగాడికి ఐఫోను చవకగానూ ప్లంబరు ఖరీదుగానూ కనిపిస్తారు.

ఇక తీసివేతలు. 2025 రేట్లతో వేద్దాం. జీతం చేతికి రాకముందే నాలుగు కోతలు పడతాయి. మొదటిది రిటైర్మెంటు కోసం 401కె ఖాతాకు. 5 శాతం అనుకుంటే ఏడాదికి 5,400 డాలర్లు. రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా ప్రీమియం 2025లో సగటున 26,993 డాలర్లు, అందులో ఉద్యోగి వాటా సగటున 6,850. మూడోది ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ, పెద్ద వయసువారి ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కలిపి 7.65 శాతం. ఇది బీమా వాటా తీసేసిన 1,01,150 మీద పడుతుంది కాబట్టి 7,738 డాలర్లు. 401కె సొమ్ముకు దీన్నుంచి మినహాయింపు లేదు, చాలామంది తప్పు వేసేది ఇక్కడే. నాలుగోది ఫెడరల్ ఆదాయపు పన్ను. 1,08,000లోంచి 5,400, 6,850, దంపతులకిచ్చే 31,500 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను పడేది 64,250 మీద. మొదటి 23,850కి 10 శాతం, మిగతాదానికి 12 శాతం చొప్పున 7,233 అవుతుంది. మనవడు అక్కడే పుట్టాడు కాబట్టి పిల్లల క్రెడిట్ అని పన్నులో ఇచ్చే 2,200 తగ్గింపు పోను 5,033. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే ఇంకో కోత పడేది. అన్నీ పోగా చేతికొచ్చేది నెలకు సుమారు 6,915 డాలర్లు.

ఇప్పుడు ఖర్చులు. ఇవి డల్లాస్ శివారుల్లో ఒక మాదిరి సంసారానికి మేం వేసిన ఉజ్జాయింపులు, అబ్బాయి అంకెలు వేరైతే అవే వేసుకోండి. రెండు పడకగదుల అపార్ట్‌మెంటు అద్దె 1,900. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 280, ఫోన్లు 80. కారు కిస్తీ, బీమా, పెట్రోలు కలిపి 840. డల్లాస్ శివార్లలో కారు లేకుండా ఉద్యోగం కాదు కదా, పాల ప్యాకెట్టు కూడా రాదు. ఇంట్లోకి సరుకులు 850. పిల్లవాణ్ని సగం పూట ప్రీస్కూలుకు పంపితే 700. చదువు అప్పు కిస్తీ 55 వేలంటే 611 డాలర్లు. బీమా ఉన్నా డాక్టరు దగ్గర చేతినుంచి పడేది 200. ఇండియాకు ఏడాదికొకసారి ముగ్గురు వస్తే టికెట్లకు 4,500, నెలకు పంచితే 375. బట్టలు, బయటి తిండి, పుట్టినరోజు కానుకలు, గుడికి, ఇతరత్రా 500. మొత్తం 6,336. మిగిలేది 579 డాలర్లు. కారు టైర్లు నాలుగూ ఒక్కసారి మారిస్తే ఆ నెల అదీ ఉండదు. అబ్బాయి మాట ఇక్కణ్నుంచి వస్తోంది.

కానీ అతను లెక్కలోకి తీసుకోనివి రెండున్నాయి. 401కెలోకి పోయే నెలకు 450 డాలర్లు ఖర్చు కాదు, పొదుపు. చాలా కంపెనీలు దానికి తమ వంతు కొంత కలుపుతాయి కూడా. ఆ వాటా పూర్తిగా అందుకోవాలంటే ఎంత శాతం వేయాలో, అంత వేస్తున్నాడో లేదో ఒకసారి అడగండి. వేయకపోతే ఇస్తానన్న జీతాన్ని వదులుకున్నట్టే. రెండోది, చదువు అప్పు కిస్తీలో అసలు భాగం. ప్రస్తుతం 55 వేలలో 27,500 వడ్డీకి పోతే మిగతా సగం అప్పును తగ్గిస్తోంది. ఈ రెండూ కలిపితే నెలకు 750 డాలర్ల దాకా అతని ఆస్తి పెరుగుతోంది, చేతికి కనబడటం లేదంతే. సోషల్ సెక్యూరిటీ సంగతి మాత్రం వేరు. ఆ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం కావాలి. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఈ కాలాన్ని కలుపుకునే ఒప్పందం లేదు. పదేళ్లలోపు తిరిగొచ్చేస్తే కట్టింది అక్కడే ఉండిపోతుంది.

ఈ పద్దు చూశాక అబ్బాయిని పే స్లిప్పు పంపమని అడగకండి. అది అనుమానంలా ఉంటుంది, ఆ తర్వాత అతను నిజమైన ఇబ్బంది వచ్చినా చెప్పడు. వీడియో కాల్లో ఈ అంకెలే చదివి ‘ఇందులో మీ ఇంట్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ?’ అనండి. రెండు చోట్ల మాత్రం చెవి పెట్టి వినండి. ఒకటి క్రెడిట్ కార్డు. పూర్తి బిల్లు కట్టకుండా కనీస మొత్తం కడుతూ పోతుంటే అక్కడ వడ్డీ 20 శాతం పైనే ఉంటుంది. అలాంటి బాకీ ఉంటే మిగతా సలహాలన్నీ దాని తర్వాతే. రెండోది ఆరోగ్య బీమా డిడక్టిబుల్. ఏటా మొదటి రెండు మూడు వేల డాలర్లు మనమే కట్టాలనే షరతు అది. ప్రీమియం తక్కువని ఎక్కువ డిడక్టిబుల్ ప్లాన్ తీసుకుని, పిల్లవాడికి ఒక రాత్రి ఎమర్జెన్సీ గది అవసరమైతే నాలుగంకెల బిల్లు వస్తుంది. చట్టప్రకారం 2025లో ఒక కుటుంబం ఏడాదికి చేతినుంచి కట్టాల్సిన గరిష్ఠం 18,400 డాలర్లు. బీమా ఉన్నవాళ్లకే ఆ మాట.

ఉద్యోగం పోతే ఏమవుతుందో కూడా మీకు తెలిసి ఉండాలి. హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికో వీసా స్టేటస్ మార్చుకోవడానికో 60 రోజుల దాకా గడువు. పాత కంపెనీ బీమానే కోబ్రా అనే చట్టం కింద 18 నెలలు కొనసాగించుకోవచ్చు గానీ, అప్పుడు కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన 2 శాతం ఉద్యోగే భరించాలి. పైన చెప్పిన సగటు ప్రీమియానికి అది నెలకు 2,294 డాలర్లు. అందుకే కనీసం ఆరు నెలల ఖర్చు, అతని విషయంలో 35 వేల డాలర్లకు పైమాటే, బ్యాంకులో నగదుగా లేకుండా ఇంటి అప్పు మీదకి వెళ్లకూడదంటాం.

ఇక అతను ఆ దేశంలో ఏ మెట్టు మీద ఉన్నాడు? సగటుకూ, అంకెలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా నడిమిన పడే మధ్యగతానికీ తేడా మీకు చెప్పక్కర్లేదు. అమెరికా గురించి వచ్చే వార్తల్లో సగం గందరగోళం ఆ తేడా మరిచిపోవడం వల్లే. 2024లో అమెరికన్ కుటుంబ ఆదాయాల మధ్యగతం 83,730 డాలర్లు. మీ అబ్బాయి దానికి బాగా పైనే ఉన్నాడు. పై పది శాతంలో చేరాలంటే రెండున్నర లక్షల డాలర్ల చుట్టూ ఉండాలి, అక్కడికి చాలా దూరం. కానీ అతను రోజూ చూసేది ఆ దేశపు మధ్యగతాన్ని కాదు, మనవాళ్లని. ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే అమెరికా అధ్యయన సంస్థ లెక్కల్లో 2023లో భారతీయ మూలాలున్న కుటుంబాల మధ్యగత ఆదాయం 1,51,200 డాలర్లు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లు మనవాళ్లలో ఎక్కువ. ఉగాది సంబరాల్లోనో పిల్లాడి పుట్టినరోజుకో కలిసే పది కుటుంబాల్లో తనొక్కడే ఒంటి జీతగాడైతే, దేశం మొత్తంలో సగానికి పైన ఉండి కూడా ఆ గదిలో అట్టడుగున ఉంటాడు. ‘మిగలట్లేదు’ అన్న మాటలో కొంత పద్దు ఉంది, కొంత ఈ పోలిక ఉంది. అతనికీ ఆ సంగతి తెలియకపోవచ్చు.

మీ వీధి అబ్బాయి ఇల్లు ఇంకో రకం పోలిక. అందులో తెలివికన్నా సంవత్సరం పాత్ర ఎక్కువ. 2021 మొదట్లో అమెరికాలో 30 ఏళ్ల ఇంటి అప్పు వడ్డీ 3 శాతం కన్నా తక్కువకు పడిపోయింది. 2023 అక్టోబరుకు 8 శాతం దగ్గరికి ఎగబాకి, ఆ తర్వాత రెండేళ్లు ఎక్కువకాలం ఆరు, ఏడు మధ్య తిరిగింది. అక్కడ ఈ అప్పుల్లో ఎక్కువ భాగం స్థిర వడ్డీవి. ఒకసారి 3 శాతానికి దొరికితే ముప్పై ఏళ్లూ అదే. 4,00,000 డాలర్ల అప్పుకు 3 శాతం చొప్పున నెల కిస్తీ 1,686. అదే అప్పు 6.5 శాతానికైతే 2,528. ఒకే వీధిలో, ఒకే రకం ఇంటికి నెలకు 842 డాలర్ల తేడా. పైగా తక్కువ వడ్డీ దొరికినవాడు ఆ అప్పు వదులుకోవడం ఇష్టంలేక ఇల్లు అమ్మడు. అమ్మకానికొచ్చే ఇళ్లు తగ్గి, కొత్తగా కొనేవాడికి ధర కూడా దిగిరాదు. పాత అసమానత జీతాల్లో ఉండేది. ఈ కొత్త అసమానత ఎప్పుడు కొన్నావన్నదాంట్లో ఉంది.

మీరడిగిన పెద్ద ప్రశ్న, జనం బతుకులు దిగజారుతున్నాయా అన్నది. వస్తువుల్లో చూస్తే లేదు. టీవీలు, బట్టలు, ఫోన్లు, బొమ్మలు జీతంతో పోల్చితే బాగా చవకయ్యాయి. ఇళ్ల విస్తీర్ణం యాభై ఏళ్ల కింద కట్టినవాటికన్నా పెద్దది. ధర మండిపోయింది ఆస్పత్రి, కాలేజీ, పిల్లల సంరక్షణ, ఇల్లు ఈ నాలుగింటిలో. కారణం కూడా మరీ చిక్కు ప్రశ్న కాదు. టీవీని ఎక్కడో ఫ్యాక్టరీలో యంత్రాలు చవగ్గా చేసి ఓడలో పంపగలవు. ముగ్గురు పసిపిల్లలను చూసుకునే ఆయా పనిని ఓడలో తెప్పించుకోలేం, ఒక మనిషి ముప్పై మంది పిల్లల్ని చూసేలా పెంచలేం. ఇళ్ల విషయంలో మంచి స్కూళ్లున్న శివారుల్లో చిన్న ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టనివ్వని స్థానిక నిబంధనలు తోడయ్యాయి. కాబట్టి గదినిండా వస్తువులుండి కూడా, మధ్యతరగతి మనిషి పడేది ఉద్యోగం పోతే ఏమిటి, జబ్బు చేస్తే ఏమిటి అన్న భయం. జీవన ప్రమాణం అనే ఒక్క అంకెలో ఈ రెండూ పట్టవు.

తరాల మధ్య తేడాను రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త బృందం కొలిచింది. 1940లో పుట్టిన అమెరికన్ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది పెద్దయ్యాక తల్లిదండ్రులకన్నా ఎక్కువ సంపాదించారు. 1980లలో పుట్టినవాళ్లలో అది 50 శాతానికి పడింది. దేశం సంపద పెరగలేదనా? పెరిగింది, పంపకం మారింది. 2022 నాటి ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) సర్వేలో కుటుంబాల నికర ఆస్తి సగటు 10.6 లక్షల డాలర్లు, మధ్యగతం 1,92,900. సగటు మధ్యగతానికి ఐదు రెట్లు పైన ఉందంటే పైనున్న కొద్దిమంది ఎంత లాగేస్తున్నారో మీ పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. కింది సగం జనాభా మొత్తం చేతిలో ఉన్నది దేశ సంపదలో సుమారు రెండున్నర శాతం.

మరి అక్కడ నిజంగా పేదలెవరు? ఫెడరల్ కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సాస్‌కు వేరే కనీస వేతనం లేదు. మీ అబ్బాయి సరుకులు కొనే కొట్లో గంటకు 15 డాలర్లకు పనిచేసే మనిషి ఏడాదంతా వారానికి 40 గంటలు చేస్తే 31,200 వస్తుంది. ముగ్గురున్న ఇంటికి 2025 ప్రభుత్వ పేదరిక గీత 26,650. అంటే ఆ ఇల్లు కాగితం మీద పేద ఇల్లు కాదు! ఈ గీతను 1960ల మొదట్లో మోలీ ఓర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని తయారుచేశారు. అప్పట్లో కుటుంబ ఖర్చులో మూడో వంతు తిండికి పోయేది కాబట్టి, కనీస తిండి ఖర్చును మూడుతో గుణించారు. తర్వాత ధరల సూచీ ప్రకారం పెంచుతూ వచ్చారే తప్ప ఆ గుణకారాన్ని మార్చలేదు. ఇప్పుడు తిండికి పోయేది ఎనిమిదో వంతు, అద్దె మింగేది ఎక్కువ. పేపర్లో ‘పేదరికం 11 శాతమే’ అని చూస్తే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2024 జనవరిలో ఒక రాత్రి లెక్కపెడితే ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది తేలారు, అంతకు ముందు ఏడాదికన్నా 18 శాతం ఎక్కువ.

ఇదంతా ఎవరి చేతుల్లోనూ లేని కాలమహిమ అనుకోవద్దు. 2021లో పిల్లలున్న ఇళ్లకు పన్ను క్రెడిట్ పెంచి, కొంత భాగం నెలనెలా ఖాతాలో వేశారు. పన్నులు, సాయాలు కూడా కలిపి చూసే కొలతలో పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి దిగింది. పథకం ఆపేశారు. మరుసటి ఏడాదికి 12.4 శాతం.

సరే, మీ 90 లక్షలకు వద్దాం. అది లక్ష డాలర్లు. 5,00,000 డాలర్ల ఇంటికి సరిగ్గా 20 శాతం డౌన్ పేమెంటు. మిగతా 4,00,000కు 6.5 శాతం చొప్పున కిస్తీ 2,528. టెక్సాస్‌లో ఆదాయపు పన్ను లేని లోటును ఆస్తి పన్ను పూడుస్తుంది, స్కూల్ డిస్ట్రిక్టు, కౌంటీ, సిటీ అన్నీ కలిపి ఏడాదికి 9,000 అనుకుందాం, నెలకు 750. వడగళ్ల వానల వల్ల అక్కడ ఇంటి బీమా ఎక్కువ, నెలకు 300. కాలనీ అసోసియేషన్‌కు 50. పైకప్పు, ఏసీ, వాటర్ హీటర్ లాంటివాటికి ఇంటి ధరలో ఏడాదికి ఒక శాతం పక్కన పెట్టాలి, నెలకు 417. మొత్తం 4,045. అతని దగ్గరున్నది అద్దె 1,900, మిగులు 579 కలిపి 2,479. అంటే మీరు 90 లక్షలు పంపితే మీ అబ్బాయి నెలకు 1,566 డాలర్ల లోటులోకి వెళ్తాడు. ఇల్లు చేతికొచ్చి, ఊపిరి ఆడదు. అద్దెవాళ్లకన్నా ఇల్లున్నవాళ్ల ఆస్తి ఎన్నో రెట్లు ఎక్కువని ఎవరైనా చూపిస్తారు, 2022 సర్వేలో ఇల్లున్నవాళ్ల మధ్యగతం 3,96,200, అద్దెవాళ్లది 10,400. కానీ అందులో వయసు పెద్దవాళ్లు, ముందే డబ్బున్నవాళ్లు ఎక్కువ. ఇల్లు కొన్నందువల్లే అంత ఆస్తి వచ్చిందనుకుంటే కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసినట్టే.

పంపడంలో ఇంకో చిక్కుంది. విదేశాలకు బహుమతిగా పంపేందుకు రిజర్వ్ బ్యాంకు ఒక్కొక్కరికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతిస్తుంది, అది సరిపోతుంది. అయితే 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, వసూలు చేస్తుంది. 90 లక్షలకు అది 16 లక్షలు, మీరు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. రిటర్ను వేశాక తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. అక్కడ అబ్బాయికి ఆ బహుమతి మీద ఆదాయపు పన్ను పడదు. కానీ ఒక ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అమెరికా పన్ను శాఖకు ఫారం 3520 ఇవ్వాలి. మరిచిపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేయొచ్చు. పొలం విషయంలో, తెనాలి జనాభా లక్ష దాటింది కాబట్టి మున్సిపాలిటీ హద్దు నుంచి సరళరేఖలో 6 కిలోమీటర్లలోపు ఉంటే అది వ్యవసాయ భూమైనా అమ్మకం లాభం మీద పన్ను పడుతుంది. ఎప్పుడైనా అమ్మేముందు ఆ దూరం రాతపూర్వకంగా తెచ్చుకోండి.

అబ్బాయి పరిస్థితిని నిజంగా మార్చేది కోడలి ఉద్యోగ అనుమతి. హెచ్1బి ఉద్యోగి మీద ఆధారపడి వచ్చే హెచ్4 వీసా మీద ఉన్న భార్యకు, భర్త గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) కోసం కంపెనీ వేసే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందితే పని అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. కంపెనీ ఆ ప్రక్రియ మొదలుపెట్టిందా లేదా అన్నదే మీరు అడగాల్సిన అసలు ప్రశ్న. ఆమెకు 60 వేల డాలర్ల ఉద్యోగం దొరికినా పన్నులు పోను నెలకు 3,790 వస్తుంది. పిల్లవాడికి పూర్తి పూట సంరక్షణకు అదనంగా 700, రెండో కారుకు 500 తీసేసినా 2,590 మిగులుతుంది. అప్పుడు ఇంటి లెక్క మళ్లీ వేయొచ్చు.

ఈలోగా మీరు సాయం చేయదలిస్తే డాలర్ల జోలికి పోకండి, రూపాయల్లో చేయండి. మీ డిపాజిట్లకు వచ్చేది 7 శాతం దగ్గర, చదువు అప్పుకు కడుతున్నది 11. డిపాజిట్లలో 12 లక్షలు ఆ అప్పుకు కడితే మిగిలేది 18 లక్షలు. టీసీఎస్ లేదు, ఫారాలు లేవు. కిస్తీ అలాగే ఉంచితే 76 నెలల్లో తీరాల్సింది 39 నెలల్లో తీరుతుంది, వడ్డీలో 8 లక్షలకు పైగా ఆదా. గడువు అలాగే ఉంచి కిస్తీ తగ్గించమంటే 55 వేలు 33 వేలవుతుంది, అబ్బాయికి నెలకు 244 డాలర్లు వెసులుబాటు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే రెండోది, లేకపోతే మొదటిది ఎంచుకోండి. ఏది కావాలో బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి, చెప్పకపోతే వాళ్లకు తోచినట్టు చేస్తారు. వ్యక్తిగత అవసరాల కోసం తీసుకున్న ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ అప్పును ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, మీది ఫ్లోటింగో కాదో ముందు చూసుకోండి. మిగతా 13 లక్షలు మీ ఇద్దరి వైద్యానికి ఉంచండి, దాన్ని ముట్టుకోవద్దు.

అప్పు పూర్తిగా తీరిన రోజున నో డ్యూస్ సర్టిఫికెట్టు తీసుకుని, మీ ఇంటి అసలు కాగితాలు 30 రోజుల్లోగా ఇవ్వమని దరఖాస్తు పెట్టండి. బ్యాంకు వల్ల అంతకుమించి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. తాకట్టును రిజిస్టరు చేసి ఉంటే దాని రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీసి చూసుకోండి.